ముక్కుల్లేని మనుషులకు నేనిచ్చిన గొంతు

ఆ సినిమాలో మనుషులకు ముక్కులు లేవు. తలలు పెట్టెల్లా నలుచదరంగా, కాళ్ళు నూలు పోగుల్లా సన్నగా ఉండేవి. ఒక ఆవు కళ్ళద్దాలు పెట్టుకుని పత్రిక చదివేది. అన్నీ గీసిన బొమ్మలే, కానీ కదిలేవి. మాటలు లేవు. ఐరోపాలో ఏదో దేశం వాళ్ళు తీశారట. సర్కారు ప్రచార వ్యానులో వచ్చిన ఆ రీలు డబ్బా మీది అక్షరాలు మాలో ఎవరికీ చదవను రాలేదు.

కథ చిన్నది. ఒక ఊరివాళ్ళు ఒకాయన్ను గౌరవించాలని కుర్చీలో కూర్చోబెట్టి భుజాలకెత్తుకుంటారు. ఎత్తేకొద్దీ కుర్చీ కాళ్ళు పెరుగుతాయి. ఆయన మబ్బుల్లోకి పోతాడు. పైనుంచి హుకుంలు కాగితాలుగా రాలుతుంటాయి, కిందివాళ్ళు మోస్తూనే ఉంటారు. చివరికి ఆయనకు విసుగొచ్చి కుర్చీ కాలు పట్టుకుని జారి దిగుతాడు. దిగితే ఎవరూ గుర్తుపట్టరు. ఊరికే నిలబడినావేంది, పట్టు అని సైగలతోనే గదమాయిస్తారు. ఆయన కూడా ఆ ఖాళీ కుర్చీ కింద భుజం పెడతాడు. అంతే.

రాష్ట్రాలు కలిసి హైదరాబాదు రాజధాని అయిన కొత్తల్లో మాట ఇది. నేను పులివెందుల హైస్కూల్లో అయ్యవారిని. నా భార్య ప్రొద్దుటూరులో ఉండేది. ఆమె నా మేనమామ కూతురు. మామకు పక్షవాతం వచ్చి మగ్గం గుంతలో దిగలేక మంచం పట్టాడు. ఆయన్ను లేపి కూర్చోబెట్టడానికి ఆమె తప్ప ఎవరూ లేరు. శనివారం బడి వదిలాక బస్సెక్కి, ముద్దనూరులో మారి ప్రొద్దుటూరు చేరేవాణ్ణి. ఆదివారం మళ్ళీ పులివెందుల, కిటికీ లేని ఆ గది. పెళ్ళయి మూడేళ్ళవుతున్నా మేము ఒకింటివాళ్ళం కాలేదు. బదిలీ ఒక్కటే దారి. ఆ బదిలీ పులివెందుల పక్క ఒక పెద్దమనిషి నోటి మాట మీద ఉంది. అందరూ ఆయన్ను పెద్దప్ప అనేవాళ్ళు. ఆయన్ను అడిగే ధైర్యం నాకు చాలలేదు.

ప్రొద్దుటూరులో ఆ బొమ్మల సినిమాను ఒక సత్రంలో ఆదివారం పగలు వేశారు. కిటికీలకు కంబళ్ళు కట్టి చీకటి చేశారు. కాసేపటికే జనం గొణగడం మొదలుపెట్టారు. పాటల్లేవు, కొట్లాటల్లేవు, ఇదేం సినిమా అని కొందరు లేచారు. ముందు వరసలోని ఒక అవ్వ, ముక్కు లేనోళ్ళకు ఊపిరెట్లాడతాదని బాధపడింది. వ్యాను ఆపరేటరు నా చేతిలో మైకు పెట్టాడు. నేను చిన్నప్పుడు తోలుబొమ్మలాటగాళ్ళను అనుకరించేవాడినని అతనికెవరో చెప్పారు.

"ఏమన్నా మాట్లాడప్పా అయ్యవారూ, జనం లేసిపోతాండారు" అన్నాడు.

మా పక్క తోలుబొమ్మలాటలో ఒక రివాజు ఉంది. హాస్యగాడి బొమ్మ ఆట మధ్యలో ఆ ఊరి పెద్దను పట్టుకుని వెక్కిరిస్తుంది. ఆయన నడక, మాట, పిసినారితనం, అన్నీ బయటపెడుతుంది. ఆ పెద్దాయన నవ్వి, ఆటగాడికి ఒక టవలు కప్పుతాడు. బొమ్మ తనను వెక్కిరించకుండా వదిలేస్తేనే ఆయనకు చిన్నతనం.

నేను అదే పట్టుకున్నాను. ఆనాటి సభకు పెద్ద ఒక బట్టల షావుకారు. కుర్చీలో బొమ్మకు ఆయన గొంతు ఇచ్చాను. బొమ్మ మబ్బుల్లో దూరగానే, "ఈ గుడ్డ మెత్తగుంది గానీ అంచు లేదు. గజమెంతకిస్తావు నాయనా?" అన్నాను. సత్రం దద్దరిల్లింది. లేచినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయారు. షావుకారు కడుపు పట్టుకుని నవ్వాడు, నాకు టవలు కప్పాడు.

నా భార్య ఆడవాళ్ళ వైపు కూర్చుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. ఇంటికి నడుస్తుంటే మాత్రం, "ఆయప్ప ఆ కుర్చీ కింద దూరేటప్పుడు నాకు నవ్వు రాల్యా బావా. ఏడుపొచ్చె" అంది.

తర్వాత జమ్మలమడుగులో అయ్యవార్ల సమావేశానికి అదే సినిమా తెచ్చి నన్నే పిలిచారు. అక్కడ నవ్వులు తక్కువ, వాదనలు ఎక్కువ. ఒక హెడ్మాస్టరు ఇది పెద్దల్ని కించపరచడమే, పిల్లలకు చూపకూడదన్నాడు. చరిత్ర చెప్పే ఒక కుర్రాయన, ఇన్నాళ్ళకు ఒక నిజమైన సినిమా చూశానన్నాడు. ఇద్దరూ నా వైపు తిరిగి నీ మాటేమిటన్నారు. ఇద్దరూ చెప్పిందీ సబబే అన్నాను. దాన్ని మర్యాద అనుకున్నాను. లోపల నేను కుర్రాయన పక్షమే. బదిలీ కావాల్సినవాడికి పక్షమెందుకని ఊరుకున్నాను.

ఆ తర్వాత వ్యాను పులివెందులకు వచ్చింది. మా బడి హాల్లోనే ఆట. పెద్దప్ప వస్తున్నాడన్నారు. పక్కనున్న వేముల నుంచి కూడా జనం వచ్చారు. అయ్యవారు పెద్దప్పను ఎట్లా ఆడిస్తాడో చూద్దామని మా డ్రిల్లు మాస్టరు ఊరంతా చాటాడు. బడి బెంచీలు తనకు కుదరవని పెద్దప్ప ఇంటినుంచి కుర్చీ తెప్పించుకున్నాడు. జీతగాడు దాన్ని భుజం మీద పెట్టుకుని, జనం మధ్యలోంచి తీసుకొచ్చి ముందు దించాడు. అది చూసేసరికి నాకు సినిమాలోని కుర్చీయే గుర్తొచ్చింది.

ఆయన నన్ను పిలిచి భుజం తట్టాడు. "షావుకారిని బాగ ఆడిస్తివంట గదా. నన్నూ ఇడిసిపెట్టాకు అయ్యవారూ" అన్నాడు.

అది పరీక్ష అనుకున్నాను. మనస్ఫూర్తిగా అడిగాడని ఈనాడు నాకు తెలుసు.

కంబళ్ళు కట్టిన హాలు, ఎండాకాలం, చెమట వాసన, బయట జనరేటరు మోత. తలుపు దగ్గర కూడా జనమే. ఎటూ పోవడానికి లేదు. బొమ్మ కుర్చీ ఎక్కింది. జనం నా వెక్కిరింత కోసం చెవులు రిక్కించారు. నేను పాఠం చెప్పే గొంతుతో మొదలుపెట్టాను. ఈయన ప్రజల మనిషి, ప్రజలే కోరి ఎత్తుకున్నారు అన్నాను. రాలే కాగితాలు ఊరికి మంజూరైన బావులు, రోడ్లు అన్నాను. జనంలో చిన్న కదలిక వచ్చి ఆగిపోయింది. ఒక మూల దగ్గు. పెద్దప్ప నా వైపు ఒకసారి చూశాడు.

బొమ్మ దిగి ఖాళీ కుర్చీ కింద భుజం పెట్టినప్పుడు నాకొకటి తట్టింది. అవి శ్రమదానం రోజులు. "చూడండి, అంతటి పెద్దాయన కూడా దిగొచ్చి, పేదలతో సమానంగా శ్రమదానం చేస్తున్నాడు" అన్నాను.

చప్పట్లు కొట్టారు. భయపడి అన్నానని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను, అది సగమే నిజం. ఆ మాట తట్టిన క్షణాన నా తెలివికి నాకే ముచ్చటేసింది.

ఆట అయ్యాక పెద్దప్ప నన్ను ఆగమన్నాడు. ముఖంలో కోపం లేదు, కొంచెం అలసట ఉంది.

"నవ్విస్తావనుకుంటి" అన్నాడు. "సరేలే. నవ్వించేదానికి తోలుబొమ్మలోళ్ళుండారు. పొగిడేదానికే సదువుకున్నోడు గావల్ల. నువ్వు దానికి పనికొస్తావు. నీకేం గావల్నో చెప్పు."

ప్రొద్దుటూరు బదిలీ అన్నాను. ఓస్, అంతేనా, ముందే అడిగుంటే ఎప్పుడో చేయించి ఉండేవాణ్ణి గదా అన్నాడు. అది విన్నప్పుడు కలిగిన సిగ్గు నాకు ఇంకా ఉంది.

ఆ బడి సంవత్సరం ముగిసేలోగా ఉత్తర్వు వచ్చింది. నా భార్య సంబరపడింది. రేకు పెట్టె లోపలికి తెస్తుంటే ఎదురొచ్చి ఒక పక్క పట్టుకుంది. మామ మంచంలోంచే ఒక చెయ్యి ఎత్తాడు. ఆ నెల నాకు బతుకులో అన్నిటికంటే మంచి నెల.

ఆ తర్వాత పెద్దప్ప దగ్గర్నుంచి కబుర్లు రావడం మొదలైంది. ఫలానా చోట బావి తవ్వకం, ఫలానా బడికి గది, ఫలానా మంత్రి రాక. మైకు ముందు నిలబడి నాలుగు మాటలు చెప్పాలి. ఒకసారి ఒంట్లో బాగాలేదన్నాను. బదిలీ బాగుందా అయ్యవారూ అని వచ్చిన మనిషి నవ్వుతూ అడిగాడు. మళ్ళీ ఎప్పుడూ కాదనలేదు. జమ్మలమడుగులో ఒక సభలో, ఆనాటి చరిత్ర అయ్యవారు జనంలో నిలబడి నా మాటలు వింటున్నాడు. నేను ముగించేలోగా వెళ్ళిపోయాడు. సినిమాను ఎవరైనా ప్రస్తావిస్తే, పిల్లల బొమ్మలు, అందులో ఏముందిలే అనడం అలవాటు చేసుకున్నాను. నిజానికి నేను చూసినవాటిలో నాకు అంతగా నచ్చింది మరొకటి లేదు.

ప్రొద్దుటూరులో సభ జరిగితే మా వీధి మూల కరెంటు స్తంభానికి కూడా ఒక లౌడ్‌స్పీకరు కట్టేవాళ్ళు. నా భార్య ఏ సభకూ రాలేదు, ఎందుకు పోతావని కూడా అడగలేదు. ఒకరోజు సభ నుంచి వచ్చి అన్నానికి కూర్చుంటే, కంచంలో సంగటి పెడుతూ చెప్పింది.

"మైకులో నీ గొంతు వినపడినప్పుడల్లా నాయన అడుగుతాండాడు, ఎవురు ఆ మాట్లాడేదని. నాకు తెల్దు అంటాండా."

మరునాడు ముద్దనూరులో సభ ఉంది. ఇస్త్రీ చొక్కా యాడుందని అడిగాను. లేచి తీసిచ్చింది.