పాత కారవాన్ పైకప్పు

కారుకు తగిలించి లాక్కెళ్ళే గదిలాంటి కారవాన్లలో పాతవే గట్టివని నేను ఎవరితోనైనా వాదిస్తాను. సోహార్‌లో వాటిని బాగుచేసే షెడ్డులో వడ్రంగిని మరి. ఆ గొప్పలే నన్ను సలాలా దాకా లాగాయి. ఒకప్పటి నా రూమ్మేట్, కడప మహబూబ్, అక్కడ కంపెనీ మెస్‌లో వంట మానేసి, చినుకులు చూడ్డానికి జనం వచ్చే ఖరీఫ్ సీజన్లో కారం దోశలు అమ్మాలనుకున్నాడు. లైసెన్సు వాడికి వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఇప్పించాడు. దాచుకున్నదంతా పోసి కొనే కారవాన్ మాత్రం నేనే చూసి చెప్పాలట. నేను తప్పు చెబితే వాడు మళ్ళీ మెస్ గరిటె పట్టాల్సిందే.

సెలవు పెట్టి, సాయంత్రం డ్యూటీ దిగి మస్కట్ చేరి, పొద్దున ఏడింటికి సలాలా బస్సెక్కాను. టికెట్టు ముందే కొనుక్కోండి, ఖరీఫ్ మొదలైతే సీటు దొరకదు. పక్క సీట్లో, సలాలా దగ్గరి రైసూత్ ఫ్యాక్టరీలో పనిచేసే కరీంనగర్ అతను నా కథంతా విన్నాడు.

"పాత డబ్బా చూస్తందుకు గింత దూరం పోతున్నవా అన్నా? పెండ్లిచూపుల లెక్కనే ఉన్నది" అని నవ్వాడు.

మధ్యాహ్నం తిండికి బస్సు ఆగిన హైమాలో ఎండ చెంప పగలగొట్టింది. బిర్యానీ అంతంతమాత్రం, చాయ్ బాగుంది. తుమ్రైత్ దాటి కొండ దిగుతుంటే అద్దాల మీద చినుకులు మొదలయ్యాయి. నాకు ఊరికే సంతోషం వేసింది.

మర్నాడు పొద్దున్నే నేనూ మహబూబూ రెండు బళ్ళు చూశాం. కొత్తది తళతళలాడుతోంది గానీ, తలుపు లాగితే బందు ఊగింది. అలమరాలను పిన్నులు కొట్టి నిలబెట్టారు. పాతది ఒక కొబ్బరితోట పక్కన ఉంది. యజమాని, సాలెం అనే అరబ్బు పెద్దాయన, కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. గోడ తట్టాను. నిండుగా మోగింది. చట్రమంతా మంచి చెక్క, ప్రతిచోటా స్క్రూలే.

"కండ్లు మూస్కొని తీస్కోరా" అన్నాను.

అంటూనే వెనక మూలకు నడిచాను. కాలి కింద నేల మెత్తగా దిగింది. నొక్కితే చెక్కలోకి బొటనవేలు పోయింది.

"ఏందన్నా, పాతవి గట్టివంటివే?" అన్నాడు మహబూబ్. వాడి మొహం చూడలేకపోయాను. సోహార్‌లో నా బళ్ళను పాడుచేసేది ఎండ. ఇక్కడ నెలల తరబడి తడి. ఆ సంగతే నాకు తట్టలేదు.

పెద్దాయన హిందీలో చెప్పాడు: ఏటా ఖరీఫ్‌కు ముందు పైకప్పెక్కి, నీళ్ళు దిగకుండా అతుకులకు సిలికాన్ పూసేవాడట. రెండేళ్ళుగా మోకాళ్ళు సహకరించడం లేదు. నిచ్చెన వేసి చూశాను. నిజమే, ఆ మూల మీది అతుకు ఒక్కటే విచ్చింది. మిగతా బండంతా పొడిగా ఉంది.

"నేల నేను మారుస్త. కానీ ఏటా నువ్వే పైకెక్కాలె" అన్నాను.

మహబూబ్ నిచ్చెన వైపు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. సోహార్ రూమ్‌లో పై మంచం ఎక్కలేక, కింది మంచం కోసం నా కాళ్ళు పట్టుకున్న మనిషి వాడు.

"కొత్తదానికి ఎక్కే పని లేదు కదన్నా?"

"దానికీ అతుకులుంటయిరా."

చినుకు ఆగాక నేను నిచ్చెన పట్టుకుంటే, "యా అల్లా" అనుకుంటూ ఎక్కాడు. కిందికి చూడకుండా అతుకు తుడిచి సిలికాన్ పూశాడు. పెద్దాయన కుర్చీలోంచి లేచొచ్చి తాళంచెవి వాడి చేతిలో పెట్టాడు. నాకు కళ్ళు చెమర్చాయి. మిగిలిన సెలవంతా నేల మార్చడానికే సరిపోయింది, సముద్రం చూడనేలేదు.

కట్టడం పాతవాటిదే మేలని ఇప్పటికీ అంటాను. కానీ మీరు కొనబోతే బండి వయసు అడిగే ముందు, దాని పైకప్పు ఆఖరున ఎవరెప్పుడు ఎక్కారో అడగండి.

తిరుగుబస్సు హైమాలో ఆగినప్పుడు మహబూబ్ వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక పెద్దాయన పగలబడి నవ్వుతున్నాడు.

"అన్నా, రాత్రి గట్టిగా కురిసింది. లోపల చుక్క పడలా. అయినా ఒకసారి చూద్దామని ఒక్కణ్ణే పైకెక్కినా. ఇప్పుడు దిగేదెట్లో చెప్పు!"