మళ్లీ అనమన్న మాట

ఖమ్మంలో ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు ఇంగ్లిష్ ఉచ్చారణ నేర్పేవాణ్ణి. భద్రాచలం అవతలి అడవి ఊరి నుంచి వచ్చిన ఓ అమ్మాయి ప్రతి మాటనూ ముందు పెదవులతో తనలో తాను అనుకుని, తర్వాతే పైకి అనేది. వారంలో ఆమెకు కాల్‌సెంటర్ ఇంటర్వ్యూ. క్లాసులో తెలుగు వద్దన్నది నా నియమమే.

ఒక మధ్యాహ్నం బయట ఫోన్ మాట్లాడి లోపలికొచ్చింది. పెదవులు కదిలాయి. "సార్, మై ఫాదర్ ఈజ్ నో మోర్."

"'ఫాదర్' మళ్లీ అను. నాలుక పళ్ల మధ్యకు రావాలి," అన్నాను అలవాటుగా.

మళ్లీ అంది. ఈసారి సరిగ్గా పలికింది. అప్పుడు గానీ ఆమె చెప్పిందేమిటో నా తలకెక్కలేదు.

బస్టాండ్ దాకా వెంట వెళ్లాను. ఊరి బస్సు ఎక్కించాను. కిటికీలోంచి ఆమె అంది: "మీరు పోండి సార్, క్లాసుకు లేటయితది."

ఇంటర్వ్యూ రోజు ఫోన్ చేస్తే వాళ్లమ్మ ఎత్తింది. "బిడ్డ కూలికి పోయింది సారూ. గిప్పుడు ఇల్లు దాని మీదనే ఉన్నది."