మళ్లీ వచ్చిన అవ్వ

నా ఉద్యోగం ఊరూరా తిరిగి రక్తం అడుక్కోవడం. మాట మోటుగా ఉంటే ఉండనీ, నిజం అదే. రొమ్ము క్యాన్సర్ కొన్ని కుటుంబాలను తరతరాలుగా ఎందుకు వదలదో వెతికే పరిశోధన నాది. ప్రయోగశాల హైదరాబాదులో, తిరుగుడంతా కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో. జీపు దిగగానే డాక్టరమ్మ వచ్చిందని మోకాళ్లు చూపిస్తారు. నేను ఆ డాక్టర్ని కాను, దగ్గుకు కూడా మందు రాయలేనని చెప్పి చెప్పి విసుగొచ్చింది. ఇప్పుడు మోకాళ్లు చూసి, నడక మానొద్దని చెప్పి వచ్చేస్తున్నాను.

జమ్మికుంట అవతల ఉన్న ఓ ఇంటికి మొదటిసారి వెళ్లింది పత్తి ఏరే రోజుల్లో. ఇంటి పెద్ద అరవై దాటిన రైతు. తన చిన్నప్పుడే తల్లికి రొమ్ములో గడ్డ లేచి, నలభై నిండకుండా చనిపోయిందనీ, ఆ తర్వాత సొంత అక్క కూడా అదే జబ్బుతో, దాదాపు అదే వయసులో పోయిందనీ చెప్పాడు. మా లెక్కలో ఆడవాళ్లంటే గుండ్రాలు, మగవాళ్లంటే చతురస్రాలు. కాగితం మీద ఆ ఇద్దరికీ గుండ్రాలు గీసి, పోయారు కాబట్టి అడ్డగీతలు కొట్టాను.

"ఎండల వచ్చిండ్రు. మా అవ్వ చాయ తెస్తది, తాగి పోండ్రి" అన్నాడాయన.

అవ్వ అంటే వాళ్లకు అమ్మ. ఇప్పుడే కదా ఆమె పోయిందన్నాడు అనుకుని, కొట్టిన అడ్డగీత వంక చూసుకున్నాను. లోపలినుంచి చాయ గ్లాసులు పట్టుకుని ముప్పై దాటిన మనిషి వచ్చింది. ఆయన పెద్దకూతురు.

సంగతి ఏమిటంటే, ఆమెకు పేరు పెట్టిన రోజు నీళ్లు పోసిన ఇత్తడి పళ్లెంలో రెండు బియ్యపు గింజలు వదిలి, ఆ ఇంట్లో పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలిచారట. ఆయన తల్లి పేరు దగ్గర గింజలు రెండూ జరిగి కలుసుకున్నాయి. అవ్వ మళ్లీ వచ్చిందని ఆ పేరే పెట్టారు. పోయినవాళ్ల పేరు పిల్లలకు పెట్టుకోవడం మనకు కొత్తేం కాదు, నా పేరూ మా నాయనమ్మదే. కానీ ఈ ఇంట్లో అది పేరుతో ఆగలేదు. బోరు వేయాలన్నా, ఎద్దులను అమ్మాలన్నా ఆయన కూతుర్నే అడుగుతాడు. పెత్రమాస నాడు ఊరంతా చనిపోయిన పెద్దలను తలుచుకుని బియ్యం ఇస్తే, ఈయన ఇంట్లో ఆమె కాళ్లకు మొక్కుతాడు. ఆమె గౌన్లు వేసుకునే వయసు నుంచీ ఇదే తీరు.

ఆమె పెళ్లి చేసుకోలేదు. వచ్చిన సంబంధాలన్నీ తానే కాదంది. నలభై లోపల పోయేదాన్ని, ఒకసారి పిల్లలను ఏడిపించింది చాలదా, మళ్లీ కని మళ్లీ ఏడిపించాలా అని నాతో అంది. రేపు చెల్కకు పత్తి ఏర పోవాలి అన్నంత మామూలుగా అంది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

చెల్లెలిది వేరే తీరు. ఇల్లంతా నవ్వుతూ తిరిగే మనిషి. భర్త దుబాయిలో ఉంటే, నడక నేర్చిన కూతురితో తండ్రి దగ్గరే ఉంటోంది. రక్తం తీస్తుంటే, అవ్వ పేరుతో పాటు ఆ జబ్బూ అక్కకే పోయింది కదా, ఇక నాకెందుకు వస్తుందని నన్నే ఆటపట్టించింది. అట్లా ఉండదని చెప్పాను. ఈ జబ్బును తెచ్చే జన్యుదోషం మగవాళ్లలోనూ ఉంటుంది. తండ్రి జన్యువులో ఉంటే ప్రతి బిడ్డకూ రావడానికి సగం అవకాశం, రాకపోవడానికి సగం. ఒకరికి వచ్చిందని ఇంకొకరిని అది వదిలిపెట్టదు. ఆమె తలూపి, నాకు ఇంకో గ్లాసు చాయ పోసింది.

ఫలితాలు వచ్చాయి. తండ్రిలో ఉంది. చెల్లెలిలో ఉంది. అక్కలో లేదు.

నేను నమ్మలేదు. రక్తం పట్టిన గొట్టాలు తారుమారయ్యాయని అనుకున్నాను. రెండో నమూనాతో సరిచూసుకోకుండా ఎవరికీ ఫలితం చెప్పకూడదన్నది మా పద్ధతే. కానీ ఆ రోజు నన్ను మళ్లీ జీపెక్కించింది పద్ధతి కాదు. ఆ ఇంటి చాయ తాగి తాగి, పెద్దకూతురే అవ్వ అని నేనూ ఒప్పేసుకున్నాను. మళ్లీ రక్తం తీశాను, గొట్టాల మీద పేర్లు నా చేత్తోనే రాశాను. జవాబు అదే. చదువంతా పక్కకు పెట్టి రెండు బియ్యపు గింజలను నమ్మినందుకు సిగ్గేసింది.

కరీంనగర్ ఆసుపత్రిలో అక్కచెల్లెళ్లను విడివిడిగా కూర్చోబెట్టి చెప్పాం. నీకు ఆ దోషం లేదు, ఆడవాళ్లందరికీ ఉండే భయమే తప్ప ఇంకో భయం లేదు అంటే పెద్దామె సంతోషిస్తుందనుకున్నాను. ఆమె గోడ వైపు తిరిగింది.

"గట్లయితె ఇన్నేండ్లు మా ఇంట్ల తిరిగింది ఎవలు మేడం?" అంది.

నేను ఫలితం కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టాను.

చెల్లెలు అసలు వినలేదు. అక్కది నాకు రాసిండ్రు అని నవ్వేసింది. వెంటనే స్కానింగు చేయించుకోవాలి, తర్వాత ఏటేటా చూపించుకోవాలి అంటే, పేరున్నది అక్కకు కదా, అక్కకే చేయండి అంది. ఆ తర్వాత నా ఫోన్లు ఎత్తలేదు. జబ్బు మొదట్లోనే దొరికితే బతికించుకునే దారులు ఎన్నో ఉన్నాయి. ఆలస్యమైతే ఆ చంటిది కూడా తన తాతలాగే తల్లి లేని పిల్లవుతుంది. ఆ ఆలోచనతో రోజూ మళ్లీ ఫోన్ చేసేదాన్ని.

చివరికి పెద్దామే ఫోన్ చేసి రమ్మంది. వెళ్లేసరికి పట్టపగలు, వాకిట్లో ఎండ. చెల్లెలు బిడ్డకు అన్నం తినిపిస్తోంది. బతిమాలాను, విసుక్కున్నాను, అరిచాను కూడా. ఆమె ముఖం తిప్పేసుకుంది. పెద్దామె అరుగు మీద కూర్చుని పత్తి ఒలుస్తోంది. ఉన్నట్టుండి ఆమె చేతులు ఆగిపోయాయి.

పూనకమంటే జుట్టు విరబోసుకుని ఊగుతారనుకునేదాన్ని. ఆమె అసలు కదల్లేదు, రెప్ప కూడా వేయలేదు. గొంతు మాత్రం ఆమెది కాదు.

"పొల్లా, ఎడమ దిక్కు ఉన్నది. నాకు సుత ఆడనే లేసింది. ఎవలికి చెప్పక దాసుకొని సచ్చిన. నువ్వు దాయకు. పొయ్యి చూపిచ్చుకో."

వాకిట్లో ఓ మూల పగ్గం పేనుతున్న తండ్రి లేచి నిలబడ్డాడు. చేతులు జోడించి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. అది మా అవ్వ గొంతే అని తర్వాత నాతో అన్నాడు. ఆమెకు గడ్డ ఎటువైపు లేచిందని అడిగాను. తెలియదన్నాడు. తాను చిన్నోడట, ఇంట్లో మగపిల్లలకు అలాంటివి ఎవరూ చెప్పరట.

చెల్లెలి చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. ఆ వారంలోనే ఆసుపత్రికి వచ్చింది.

స్కానింగులో ఎడమ రొమ్ములో పెసరగింజంత గడ్డ కనబడింది. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సరే అని తేలింది. చేతికి తగలనంత చిన్నది, మంచి సమయంలో వచ్చారు, నయమవుతుందని డాక్టరు ధైర్యం చెప్పింది. ఆ మాటకు ఏడుపొచ్చి బయటికి వచ్చేశాను. కుడీ ఎడమా, ఉన్నవి రెండే వైపులు, ఏదో ఒకటి చెబితే సగం సార్లు నిజమవుతుందని నాకు నేను లెక్క చెప్పుకున్నాను. లెక్కలో తప్పేమీ లేదు.

పెద్దామె వరండాలో బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. నేను ఎంత చదువుకున్నా చేయలేనిది నువ్వు నటించి చేశావు, చెల్లెల్ని బతికించుకున్నావు అన్నాను.

"పొమ్మన్నది నేనే మేడం. దాన్ని ఎట్లనన్న పంపాలెనని అవ్వ లెక్క మాట్లాడిన" అంది. నా వంక చూడకుండానే మళ్లీ అంది: "ఎడమ దిక్కు అన్నది నేను గాదు."