గోడకానుకున్న పరువు

పూలతోట బాబాయికి ‘పైచెయ్యి’ అన్న బిరుదు వీధివాళ్లు ఇచ్చిందే అయినా, దాన్ని ఆయన కష్టపడి సంపాదించుకున్నాడనే చెప్పాలి. ఇచ్చే చెయ్యి పైన ఉంటుంది, పుచ్చుకునే చెయ్యి కింద ఉంటుంది, మనది ఎప్పుడూ పైనే ఉండాలి అని కనబడ్డవాళ్లకల్లా చెప్పేవాడు. వినేవాళ్లకు తీరిక ఉందా లేదా అన్నది ఆయన పట్టించుకునే సంగతి కాదు.

మహమ్మారి వచ్చి పెళ్లిళ్లూ సభలూ ఆగిపోయాక పూలు కోసే దిక్కులేక తోటలోనే కుళ్లిపోయాయి. నష్టపోయిన రైతులకు ప్రభుత్వం సాయం ప్రకటించింది. పరువున్నవాడు చెయ్యి చాపడని బాబాయి టీకొట్టు దగ్గర గంటసేపు ఉపన్యసించి, ఇంటికెళ్లి తలుపేసుకుని ఫోన్లో దరఖాస్తు పెట్టాడు. డబ్బు పడింది. ఆ డబ్బుతోనే కొత్త నారు వచ్చింది, తోట నిలబడింది. భార్య అడిగితే పాత బాకీ వసూలైందన్నాడు.

అంతా సాఫీగా సాగుతుండగా ప్రభుత్వానికి పారదర్శకత గుర్తొచ్చింది. ఎవరికెంత ఇచ్చారో అందరూ చూసేలా జాబితాను వ్యవసాయ కార్యాలయం గోడకు అంటిస్తారట. కూర తరుగుతూ భార్య ఈ కబురు మామూలుగానే చెప్పింది. బాబాయికి మాత్రం ఆ పూట ముద్ద దిగలేదు.

మర్నాడు కార్యాలయం తలుపు తీయకముందే అక్కడున్నాడు. గుమాస్తా జిగురు పూసి కాగితాలు అంటించి లోపలికెళ్లగానే తన పేరు వెతుక్కున్నాడు. సరిగ్గా భుజాల ఎత్తులో ఉంది. వెనక్కి తిరిగి దానిమీద వీపు ఆనించి నిలబడ్డాడు. జిగురు ఇంకా ఆరలేదని చొక్కాకు తెలిసింది గానీ ఆయన లెక్కచేయలేదు.

జనం రాసాగారు. ఊరికే నిలబడితే అనుమానిస్తారని, వచ్చినవాళ్ల పేర్లు తనే వెతికిపెట్టడం మొదలుపెట్టాడు. మెడ ఎటైనా తిరుగుతుంది, వీపు మాత్రం గోడను వదలదు. పాపం ఈ వయసులో ఎంత ఓపికో అని మెచ్చుకుని గుమాస్తా కుర్చీ తెచ్చి వేశాడు. కూర్చుంటే పేరు బయటపడుతుంది. నడుంనొప్పికి నిలబడటమే మంచిదని డాక్టరు చెప్పినట్టు అప్పటికప్పుడు ఒక అబద్ధం అల్లాడు.

మధ్యాహ్నం పుచ్చతోట అక్క వచ్చింది. భర్త పోయాక ఒంటిచేత్తో సేద్యం చేసుకుంటున్న మనిషి. రోడ్లు మూసేసిన రోజుల్లో ఆమె కాయలన్నీ పగిలి ఈగలపాలయ్యాయి. అయినా జాబితాలో పేరు లేదు, ఆమె అడగనే లేదు గనక. ఇప్పుడైనా పెట్టుకోవచ్చనీ, రేపటితో గడువు అయిపోతుందనీ గుమాస్తా చెప్పాడు. కాకపోతే ఆలస్యంగా పెట్టుకునేవాళ్లకు పంట పోయిందని పక్క చేను రైతు సాక్షి సంతకం చేయాలి, ఆ రైతు ఈ జాబితాలో ఉన్నవాడే అయ్యుండాలి.

ఆమె చేనుకు ఒక పక్క కాలువ, ఒక పక్క రోడ్డు, వెనక బీడు. మిగిలింది బాబాయి తోట ఒక్కటే. ఆయన తీసుకోలేదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకుని అక్క వెనుదిరిగింది.

బాబాయి తేలు కుట్టిన దొంగలా లోలోపలే గిలగిల్లాడాడు. తన తప్పు కాదనిపించుకోవాలని, “అప్పుడే పెట్టుకోవాల్సింది కదమ్మా, ఎందుకు ఊరుకున్నావు?” అని కసిరాడు.

“పరువున్నవాళ్లు అడగరని మీరే అన్నారు కదా బాబాయ్. మీరే వద్దనుకుంటే నేనెంతదాన్ని అనుకున్నాను.”

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది. ఇంట్లో ఏం చెప్పాలి, టీకొట్టు దగ్గర ఏ మొహం పెట్టుకోవాలి అని ఆలోచిస్తుండగానే అక్క మెట్లు దిగుతోంది.

చొక్కా పర్రుమంటూ గోడనుంచి ఊడింది. బాబాయి పక్కకు జరిగి, అక్కను వెనక్కి పిలిచి, తన పేరు మీద వేలు పెట్టాడు. “సంతకం నేను పెడతాను.”

వరసలో ఉన్నవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని ముసిముసిగా నవ్వుకున్నారు. అక్క నవ్వలేదు. దగ్గరికొచ్చి ఆ పేరూ, పక్కనున్న మొత్తమూ కూడబలుక్కుని చదివింది.

“పంట పోయి ఇల్లు గడవక నా ఆవును అమ్మినప్పుడు, పక్కన నిలబడి బేరమాడిపెట్టింది మీరే బాబాయ్” అంది.

“అవునమ్మా” అన్నాడు.