ఒకే ఇంటి నుంచి రెండు ఓట్లు

జెర్సీ సిటీలో మా పక్క ఫ్లాట్‌లో ఇటలీ నుంచి వచ్చిన ముసలి దంపతులు ఉండేవారు. ఆయన దర్జీగా పనిచేసి రిటైరయ్యాడు. ఆవిడ కేక్ చేసినప్పుడల్లా నాకో ముక్క తెచ్చి ఇచ్చేది. ఎన్నో ఏళ్ళుగా ఇక్కడే ఉన్నా ఇద్దరూ ఇటలీ పౌరసత్వం వదులుకోలేదు.

ఆ ఏడాది వాళ్ళ దేశంలో రాజ్యాంగం మార్చాలా వద్దా అని రెఫరెండం పెట్టారు. అక్కడ ప్రభుత్వాలు ఎక్కువ కాలం నిలవవట. పార్లమెంటులో పై సభ అధికారాలు తగ్గిస్తే కాస్త నిలకడ వస్తుందని ఆవిడ నమ్మకం. ప్రధాని ఒక్కడి చేతికి అంత అధికారం ఇవ్వకూడదని ఆయన వాదన. బయటి దేశాల్లో ఉన్నవాళ్ళకి బ్యాలెట్లు పోస్టులో వచ్చాయి. వారం రోజులపాటు గోడ అవతల నుంచి నాకు అర్థం కాని భాషలో వాదులాట వినిపిస్తూనే ఉంది.

ఒక సాయంత్రం ఆవిడ తలుపు కొట్టి, అంటించిన కవర్ నా చేతిలో పెట్టింది.

"రేపు ఆఫీస్‌కి వెళ్తూ పోస్ట్ చేసెయ్యమ్మా. ఆయనకిస్తే కోటు జేబులోనే ఉండిపోతుంది. మతిమరుపు వల్ల కాదులే!"

మర్నాడు పొద్దున లిఫ్ట్ కోసం నిలబడి ఉంటే ఆయన ఇంటి చెప్పులతోనే గబగబా వచ్చాడు. చేతిలో అచ్చం అలాంటి కవరే.

"ఇది పోస్ట్ చేస్తావా? మా ఆవిడతో అనకు."

రెండూ బ్యాగ్‌లో పెట్టుకుని నడిచాను. ఒకటి మార్చాలని, ఒకటి వద్దని. రెండూ పారేసినా ఫలితం మారదు కదా అని నవ్వొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది. నేను ఇంతవరకూ ఒక్కసారి కూడా ఓటెయ్యలేదు. మా ఊళ్ళో మొదటిసారి అవకాశం వచ్చినప్పుడు వీసా ఇంటర్వ్యూ పనిమీద హైదరాబాద్‌లో ఉన్నాను. తరవాత ఇక్కడికి వచ్చేశాను. బయట డబ్బాలో వెయ్యబుద్ధి కాక, పోస్టాఫీసు లోపలికి వెళ్ళి కౌంటర్‌లో ఇచ్చాను. ఆ రోజు ట్రెయిన్ మిస్సయింది.

"వద్దు" గెలిచింది. ఓడితే దిగిపోతానని ముందే చెప్పిన వాళ్ళ ప్రధాని రాజీనామా చేశాడు. తరవాతి ఆదివారం కాఫీకి పిలిస్తే భయపడుతూనే వెళ్ళాను.

"ఇంకో ప్రభుత్వం పోయింది. సంతోషమేనా?" అంది ఆవిడ.

"ఇంకోటి వస్తుందిలే," అన్నాడాయన. గెలిచిన ఉత్సాహమేమీ ఆయన గొంతులో లేదు.

ఆవిడ నావైపు తిరిగింది. "ఆయన కవర్ కూడా నువ్వే తీసుకెళ్ళావు కదూ?"

నేను ఆయన మొహం చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"రెండూ పంపావా?"

"పంపానండీ."

"అదీ పద్ధతి," అని ఆవిడ మొదట ఆయన కప్పులోనే కాఫీ పోసింది.