దేవేంద్రప్పకు వినిపించే గరగర

ఎర్రగుంట్లలో బండ్లకు సబ్‌వూఫర్ పెట్టెలు చేసే దేవేంద్రప్పకు ఒకటే జబ్బు: చేసిన పెట్టెను విప్పకుండా ఉండలేడు. చెక్క కోసి, జిగురు పూసి, స్పీకరు బిగించి, పాట వేసి, పెట్టెకు చెవి ఆనించి, "గరగరమంటాందప్పా" అనేవాడు. ఆ గరగర లోకంలో ఇంకెవరికీ వినబడేది కాదు. ఒక పెండ్లి బస్సు పెట్టెను ఆరుసార్లు విప్పాడట. ఏడోసారి బిగించేసరికి పెండ్లికూతురు పురుటికి పుట్టింటికి వచ్చేసిందని చెప్పుకునేవారు.

2006లో ఆయన చేతికి జయకుమార్ చిక్కాడు. సిమెంటు ఫ్యాక్టరీ కూలీలను తిప్పే పాత జీపు అతనిది. పాట గట్టిగా మోగే బండే జనం ఎక్కుతున్నారని, వెనక సీటు కింద పట్టేలా ఒక పెట్టె చెయ్యమన్నాడు.

"ఒక్క రోజప్పా," అన్నాడు దేవేంద్రప్ప. ముందు ఖాళీ జీపు చప్పుడు వినాలని ఊరి చుట్టూ తిప్పించుకుని, తర్వాత కొలతలు మొదలుపెట్టాడు.

రెండో రోజుకు పెట్టె తయారైంది. పాట వేస్తే పక్క హోటల్లో టీ గ్లాసులు గంతులేశాయి.

"బ్రహ్మాండంగా ఉండాదన్నా, ఇచ్చెయ్," అన్నాడు జయకుమార్.

"యాడ బ్రహ్మాండం? గరగరమంటాంది."

"నాకు ఇనపళ్లేదే!"

"నీ చెవులు డీజిలు ఇంజను పక్కన పెరిగినాయి. ఈడ కూచో."

పెట్టె స్క్రూలు మళ్లీ ఊడాయి; వెనక సీటు విప్పిన జీపు అక్కడే ఉండిపోయింది.

మూడో రోజు జయకుమార్‌కు కోపం కూడా రాలేదు; కోపానికీ ఓపిక కావాలి. బల్ల మీద కూలబడ్డాడు. ఫ్యాక్టరీ మేస్త్రీ వచ్చి బాడుగ ఇంకో బండికి ఇచ్చేస్తానని అరిచాడు.

"తప్పు నా పెట్టెది, బండిది కాదప్పా. రేపు సాయంత్రం షిఫ్టుకు పంపిస్తా," అన్నాడు దేవేంద్రప్ప.

"ఈయప్పకు పిచ్చి ముదిరింది," అంటూ మేస్త్రీ వెళ్లిపోయాడు. జయకుమార్ కూడా తలూపాడు.

నాలుగో రోజు జయకుమార్ అన్నం తిని వచ్చేసరికి, జీపు ముందు చక్రం దగ్గర మెకానిక్ అయ్యన్న గ్రీజు చేతులు తుడుచుకుంటున్నాడు.

"నువ్వేం చేస్తాండావు ఈడ?"

"దేవేంద్రప్ప చెప్పలేదా? చక్రం బేరింగు పోయిండాది. ఇంకో వారం తిరిగింటే చక్రమే ఊడిపోతాండె. పాత మోడలు గదా, సామాను కర్నూలు నుంచి రావాల్సొచ్చె. అంతదాకా బండిని కదలనిచ్చేది లేదన్నాడు."

రోజూ పద్నాలుగు మంది ఎక్కే జీపు అది. జయకుమార్ నేరుగా అంగట్లో ఉన్న దేవేంద్రప్ప దగ్గరికి వెళ్లాడు.

"మొదటి రోజు ఊరి చుట్టూ తిప్పినప్పుడే తెలిసి, నాకెందుకు చెప్పలేదన్నా?"

"చెప్తే ఆపుతావా? బాడుగ పోతాదని తిప్పుతానే ఉంటావు. ఆ మేస్త్రీ చెవిన పడితే నీ బండి ఇంకెవురెక్కుతారు? నాదేముండాది, పిచ్చోడని ఊరంతా అనేదే గదా."

"మరి ఆ గరగర?"

"అది గూడా నిజమే," అన్నాడు దేవేంద్రప్ప కోపంగా. "నిన్ననే పోయింది."

షిఫ్టుకు ఇంకా గంట ఉంది. జయకుమార్ ఆయన్ను బలవంతంగా ముందు సీట్లో కూచోబెట్టుకుని, వేంపల్లె రోడ్డెక్కి పాట పెట్టాడు. సీట్లు అదిరాయి. ఇప్పుడేం తప్పు పడతాడోనని భయంభయంగా పక్కకు చూశాడు. నాలుగు రోజులు ఒంటిచేత్తో పెట్టెను కట్టీ విప్పీ అలిసిన మనిషి, నోరు తెరిచి గురక పెడుతున్నాడు.

జయకుమార్ పాట ఆపేసి, గుంతలు తప్పించుకుంటూ మెల్లగా నడిపాడు.