పాట వెనుక చప్పుడు

రేడియో ఆయన మొదటిసారి నా పాట తిప్పి పంపినప్పుడే నాకు అనుమానం వచ్చింది. "పాట బాగుంది తమ్మీ, కానీ వెనుక ఏదో చప్పుడు ఉంది. శుభ్రంగా రికార్డు చేసి పంపితే వేస్తాం" అన్నాడు ఫోన్లో. ఇయర్‌ఫోన్లు చెవుల్లో కుక్కుకుని పదేపదే విన్నాను. చప్పుడూ లేదు, చట్టుబండలూ లేవు. ఓహో, ఆయనకు ఆయన మనుషులున్నారన్నమాట, మనలాంటోళ్లకు ఇదొక సాకు అనుకున్నాను.

అయినా పట్టు వదల్లేదు. కరీంనగర్ పోయి కొత్త మైకు కొన్నాను. దుకాణపువాడు అడగకముందే ధర తగ్గించేసరికి, అది నకిలీదేమోనని బస్సులో దారి పొడవునా డబ్బా తిప్పి తిప్పి చూశాను. వెనక గది గోడలకు బొంతలు వేలాడదీశాను. కిటికీలో పాత చీరలు కుక్కాను. ఫ్యాన్ ఆపాను, ఫ్రిజ్ ఆపాను. మైకును నోటికి జానెడు దూరంలో పెట్టి చెమటలు కక్కుతూ పాడాను. మళ్లీ అదే మాట: "చప్పుడు పోలేదు తమ్మీ."

ఈసారి ఇంట్లోవాళ్ల మీద పడ్డాను. గాజులు కదిపావా అని భార్యనడిగితే, "నువ్వు పాడినంతసేపు వంటింట్ల మెదలకుంట కూసున్న. గింత అనుమానమేంది నీకు!" అని కస్సుమంది. అందరికంటే బాపు మీదే నాకు ఎక్కువ అనుమానం. ఆయన సాంచాలు నడుపుతాడు. మా వాడలో మరమగ్గాలను అట్లాగే అంటాం. నా పాట ఒక్కనాడూ కూర్చుని విన్నవాడు కాదు. "పాటలని తిరుగుడు బందువెట్టు, సాంచల కాడికి రా" అనడమే ఆయనకు తెలుసు. పాట తిరిగొచ్చిన ప్రతిసారీ మీసాల్లో నవ్వుకుంటున్నాడనిపించేది. రేడియోలో నా గొంతు వినిపించి ఆయన నోరు మూయించాలి. నా పంతమంతా అందుకే.

అంతలో ఖానాపూర్ నుంచి అత్తమ్మ వచ్చింది, వ్యవసాయం చేసుకునే మనిషి. పాట వినమని ఫోన్ ఇచ్చాను. కాసేపు తలాడించి, "పాట మంచిగున్నది గని, ఎనుక గా టకటకలేంది అల్లుడా?" అంది.

రేడియో ఆయనే ఈమెకు నేర్పి పంపాడా అన్నంత కోపం వచ్చింది. ఏ టకటకలు అని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసి, వేలితో గోడ చూపించింది. "గవ్వే. వచ్చిన కాడికెల్లి నా తల వలుగుతుంది. నీకు ఇనవడతలేదా?"

గోడ అవతల సాంచాలు. ఎదురుగా సాంచాలు. వీధి చివరిదాకా సాంచాలే, రాత్రీ పగలూ. ఆ మోతలోనే పుట్టాను, ఆ మోతలోనే పాట నేర్చుకున్నాను. నాకది చప్పుడే కాదు. అందరినీ అనుమానించాను గానీ నా చెవులను అనుమానించాలని తోచలేదు. బొంతలు కాదు, పరుపులు కట్టినా ఆగే మోత కాదది. రేడియో ఆశ వదులుకోవాల్సిందేనని ఏడుపొచ్చింది.

అన్నానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డ బాపు ఇదంతా విన్నాడు. చెప్పులేసుకుని బయటికి పోయాడు. హోటల్ దగ్గర నలుగురికీ చెప్పి నవ్వడానికే అనుకున్నాను. కాసేపటికి గోడ అవతలి సాంచా ఆగింది. తర్వాత ఎదురింటిది. ఒక్కొక్కటే ఆగుతూ వాడంతా నిశ్శబ్దమైంది. నాకు భయమేసింది. మా వాడలో సాంచాలన్నీ కలిసి ఆగేది ఎవరైనా చనిపోతేనే.

బాపు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. "జల్ది పాడు. ఒక్క పాట శేపే ఆగుతరు."

ఏం చెప్పి ఆపించాడో, ఇందులో ఏం తిరకాసు ఉందోనని అప్పటికీ నా మనసు పీకుతూనే ఉంది. మీట నొక్కి పాట ఎత్తుకున్నాను. రెండో చరణంలోనే తాళం తప్పాను. సాంచా మోత లేకుండా నేనెప్పుడు పాడాను గనక! బాపు అది కనిపెట్టాడు. మోకాలి మీద రెండు వేళ్లు చప్పుడు కాకుండా ఆడిస్తూ సాంచా నడక చూపించాడు. ఆ వేళ్లనే చూస్తూ మిగతా పాట పాడాను.

రికార్డింగు ఆపేలోపే వీధి చివరి ముసలామె ఉరికొచ్చింది. "అయ్యో, ఎవ్వలు పోయిండ్రురా?" అని గుమ్మంలోనే శోకం ఎత్తుకోబోయింది.

"ఎవ్వలు పోలే పెద్దవ్వా" అన్నాడు బాపు. "మా పోరడు పాడుతుండు."

ఆ పాట రేడియోలో వచ్చింది. పంపేటప్పుడు, పాట అయ్యాక అందులో పడ్డ మాటలు కోసేశాను. కోసిన ఆ ముక్క నా ఫోన్లో ఉంది. పాట కంటే దాన్నే ఎక్కువసార్లు విన్నాను.